వెనకాల కొట్టేవాడు

ఈ పొద్దున ఇయర్‌ఫోన్లలో 'టిక్' మని ఒక చప్పుడు వచ్చింది. ఎండుపుల్ల విరిగినంత చప్పుడు, అంతే. పాట వింటున్నవాళ్ళకైతే అది వినపడను కూడా వినపడదు, వినపడినా ఎవరూ పట్టించుకోరు. నేను మాత్రం కుర్చీలో ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ, గోడకు క్యాలెండరు, కింద నీళ్ళ క్యాను. ఇంకెవరున్నారని చూశావే అని నన్ను నేనే తిట్టుకున్నాను. వీపు మీద చెమట మాత్రం నిజం. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషిని, నలుగురికి పాఠాలు చెప్పేదాన్ని, ఒక టిక్కుకు ఇంత భయమా అంటే, అవును, భయమే. ఆ భయాన్ని నాకు ఇచ్చిన మనిషి ఇప్పుడు లేడు. భయం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మార్కాపురంలో పలకలు కోసే షెడ్ల వీధిలో నాకొక చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. పాత మిషన్లు, డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదు. అందుకని మొదటినుంచీ లినక్సే వాడాను. అది ఉచితం, పైగా ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. దాని మీద సంగీతం చేసే ప్రోగ్రాములను పరీక్షించి, తప్పులుంటే రాసిపంపడం నాకున్న రెండో పని. జీతం లేని పని, పిచ్చి పని. వేలు తగిలిన క్షణానికీ చప్పుడు వచ్చిన క్షణానికీ మధ్య సెకనులో వెయ్యో వంతులు ఎన్ని గడిచాయో కొలుస్తాను. ఈ పిచ్చి నాకు అంటించింది ఏ ఇంజనీరో కాదు. మౌసు పట్టుకోవడం కూడా రాని ఒక కోలాటం గురువు.

ఆయన పేరు గురవయ్య. త్రిపురాంతకం అవతల ఒక మెట్ట ఊరు. కొంచెం కంది, కొంచెం పత్తి, వాన పడితే పంట, లేకపోతే లేదు. ఆ ఊరి కోలాటానికి ముప్పై ఏళ్ళుగా ఆయనే గురువు, ఆయనే డోలక్. మా చెల్లెలు మంగను ఆ ఊరికే ఇచ్చాం. అది ఆ ఊరి కోడలు కాబట్టి ఆయన్ని మామా అని పిలిచేది. నాకు మాత్రం మొదటిరోజే నోటికి పెదనాయనా అని వచ్చింది, అదే ఉండిపోయింది. పొడుగు మనిషి, తెల్లటి మీసం. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి కాకుండా కనుబొమల వైపు చూసేవాడు. అదేం చూపు అని మొదట్లో నాకు చిరాకుగా ఉండేది.

ఆ చూపు సంగతి మంగే చెప్పింది. కోలాటంలో ఎదురెదురుగా నిలబడి కోలలు తగిలించుకునే జంటను ఉద్ది అంటారు. మిగతా ఊళ్ళలో గురువులు అడుగు మార్చాలన్నా, ఆపాలన్నా ఈల ఊదుతారు. ఈయన దగ్గర ఈల ఉండదు. ఈయన పడుచుతనంలో ఆ ఊరికి వేరే గురువు ఉండేవాడట. ఆడుతూ ఉండగా ఎవరో తడబడ్డారని ఆ గురువు గట్టిగా ఈల ఊదాడు. గురవయ్య తమ్ముడు చెన్నయ్య ఈల వినగానే తల తిప్పాడు. తిప్పిన ముఖం మీదికి ఎదుటివాడి కోల దిగింది. ఆ కోల గురవయ్యదే. చెన్నయ్యకు ఎడమ కన్ను పోయింది. అప్పటినుంచి గురవయ్య చూపు మనుషుల కనుబొమల మీదే ఉంటుందట. ఆ తర్వాత తాను గురువైనాక ఈలను గుంపులోకి రానివ్వలేదు. డోలక్ మీదే ఆపుదెబ్బ అని ఒకటి పెట్టుకున్నాడు. గట్టిగా మూసిన దెబ్బలు మూడు, ఆ తర్వాత నిశ్శబ్దం. అది వినగానే తల తిప్పకూడదు, కాలు ఆగాలి, కోల ఎక్కడిదక్కడ గాలిలో నిలవాలి. కొత్తగా చేరినవాళ్ళకు పాట నేర్పకముందు నెలరోజులు ఇదొక్కటే నేర్పేవాడు. "పాటకు చెవి తిరగతాది గానీ తల తిరగదమ్మా. అరుపుకు తల తిరగతాది" అనేవాడు.

ఒక బుధవారం పొద్దున బియ్యం సంచిలో ఏదో పెట్టుకుని బస్సు దిగి మా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. సంచి విప్పితే నల్లటి రబ్బరు ప్యాడు, ఎనిమిది గళ్ళది. ఆర్కెస్ట్రావాళ్ళు వాడేది.

"ఇదేంది పెదనాయనా, నీకెందుకు?"

"భుజం నొప్పమ్మా. డోలక్ ఎత్తలేకపోతన్నా. దీని మీద ఎట్ల తట్టినా పలకతాదంట గదా. నా డోలక్ చప్పుడే దీంట్లో రావాల. శివరాత్రికి త్రిపురాంతకంలో మన ఆడోళ్ళు పదహారు మంది ఆడతన్నారు. మంగ గూడా లోపలి వరసలో ఉంది."

నేను ఎగిరి గంతేశాను. పలకలు కోసే మిషన్ల మోత ఆగిన సమయం చూసి ఆయన డోలక్ దెబ్బలన్నీ ఒక్కొక్కటిగా రికార్డు చేశాం. ఆపుదెబ్బను పదిసార్లు కొట్టించాను. ప్యాడును ల్యాప్‌టాప్‌కు, ల్యాప్‌టాప్‌ను స్పీకరుకు కలిపాను. మహా తెలివైనదాన్నని మురిసిపోతూ కొట్టు పెదనాయనా అన్నాను. ఆయన నాలుగు దెబ్బలు వేసి ఆపేశాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. ముఖంలో రక్తం లేదు.

"ఎవురమ్మా నా ఎనకాల కొడతన్నాది?"

నేను పకపకా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన నవ్వలేదు. "నవ్వమాకు. నేను కొట్టినాక ఎవురో కొడతన్నారు. నా చెయ్యి కాదది" అన్నాడు. నాకు వినపడని ఆలస్యం ఆయనకు వినపడుతోంది. కొలిచి చూస్తే సెకనులో వెయ్యో వంతులు నలభై దాకా ఉంది. అంత చిన్నదానికి మనిషి అంత భయపడతాడా అని ఆ రోజు నాకు ఆశ్చర్యం.

మిషన్ చప్పుడును బొట్టుబొట్టుగా పంపదు, కొంత కొంత నింపుకుని పంపుతుంది అని ఆయనకు చెప్పాలి. ఎట్లా చెప్పేది? పుల్లలచెరువు వైపు ట్యాంకరు వచ్చినప్పుడు నీళ్ళు మోసిన మనిషి ఆయన. బిందె నిండేదాకా ఆగి మోస్తే ఇల్లు చేరడం ఆలస్యం పెదనాయనా, చెంబుతో మోస్తే తొందరగా చేరతాయి, కాని ఉరుకుతూనే ఉండాలి, ఒక్క విడత తప్పినా ఇంట్లో నీళ్ళు ఉండవు, ఆ తప్పినప్పుడు వచ్చేదే ఈ టిక్కు అన్నాను. ఆయన మీసం నిమురుకున్నాడు. "అయితే చెంబుతోనే తే. ఉరికేది మిషనే గదా, మనకేంది నొప్పి?" అన్నాడు.

చెంబుతోనే తెచ్చాను. చెంబు చిన్నదయ్యేకొద్దీ టిక్కులు మొదలయ్యాయి. టిక్కు వచ్చినప్పుడల్లా పెదనాయన భుజాలు బిగుసుకునేవి, నావీ బిగుసుకునేవి. మిషన్ ఒక్క పాట పనే చేయదు. వైఫై చూసుకుంటుంది, గడియారం చూసుకుంటుంది, పని లేదనుకుంటే కరెంటు పొదుపు చేద్దామని కునుకు తీస్తుంది. ఆ కునుకులో ఉన్నప్పుడు దెబ్బ పడితే లేచి ఒళ్ళు విరుచుకునేసరికి ఆలస్యం. కెర్నల్ అని లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం ఒకటుంటుంది. ఏ పనికి ముందు చోటు, ఏ పనికి వెనక చోటు అని నిర్ణయించేది అదే. దాన్ని మార్చాను. దోర్నాల చెక్‌పోస్టు దగ్గర శ్రీశైలం బండ్లన్నీ ఆగి ఉన్నా అంబులెన్సుకు గేటు ఎత్తుతారు కదా, అట్లా ప్యాడు దెబ్బకు గేటు ఎత్తమని చెప్పాను. కునుకు మాన్పించాను. వైఫై పీకేశాను. ఇదంతా రాత్రికి రాత్రి జరగలేదు. ఎన్నో బుధవారాలు పట్టింది. ప్రతి బుధవారం సంచి భుజాన వేసుకుని వచ్చేవాడు, బల్ల ముందు కూర్చునేవాడు, రెండు దెబ్బలు వేసి వెనక్కి చూసేవాడు. నేను ఆయన ముఖం చూసేదాన్ని, పరీక్ష ఫలితం చూసుకునే పిల్లలాగా. ఒక బుధవారం ఆయన వెనక్కి చూడలేదు. పాట మొత్తం వాయించి, "పోయినాడమ్మా వాడు. ఇప్పుడు ఒక్కడే కొడతన్నాడు" అన్నాడు. ఆ పూట ఇద్దరం బజ్జీలు తెప్పించుకుని పలకల ముక్కల మీద పెట్టుకుని తిన్నాం.

సంక్రాంతి దాటాక మళ్ళీ వచ్చాడు. సంచి కింద పెట్టకుండానే గుమ్మంలో నిలబడి అన్నాడు.

"వాడు మళ్ళీ వచ్చినాడమ్మా."

మళ్ళీ అంతా విప్పాను. వైరు మార్చాను, కెర్నల్ మార్చాను, వేరే ల్యాప్‌టాప్ పెట్టాను. ఎక్కడెక్కడి దేశాల్లోనో ఉన్న ముక్కూమొహం తెలియని వాళ్ళకు రాసి అడిగాను. నా చేత్తో తడితే అంతా సరిగ్గానే ఉండేది. ఆయన తడితే ఒకసారి బాగుండేది, ఒకసారి ఉండేది కాదు. ఆయనే ఒకరోజు కిటికీలోంచి పలకల షెడ్డు వైపు చూస్తూ, "ఎప్పుడూ ఒకే లెక్కన ఎనకపడితే ఓర్చుకోవచ్చు, దానికి తగ్గట్టు ముందే కొట్టచ్చు. తడవకొక లెక్కన ఎనకపడేదానికి ఏం చేస్తాం?" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన కుడిచేయి పంచె మడతలో ఉంది. చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు.

చివరికి మిషన్‌ను నిలదీయాలని కూర్చున్నాను. ల్యాప్‌టాప్ చప్పుడు బయటికి వచ్చే రంధ్రం నుంచి లోపలికి పోయే రంధ్రానికి ఒక వైరు కలిపి, తాను పంపిన చప్పుడు తానే వినేలా పెట్టాను. వందసార్లు పంపాను. వందసార్లూ ఒకటే ఆలస్యం, వెంట్రుకంత తేడా లేదు. సరే, ప్యాడు సంగతేమిటి? పెదనాయన వాయిస్తున్నప్పుడు ప్యాడు పక్కన ఒక మైకు పెట్టాను. వేలు రబ్బరుకు తగిలిన 'తప్' మన్న చప్పుడూ, స్పీకరులో వచ్చిన డోలక్ చప్పుడూ రెండూ పడ్డాయి. ఆ రెంటి మధ్య దూరం ఎప్పుడూ ఒకటే. అంటే మిషన్ తప్పు లేదు. ఇక మిగిలింది ఆ 'తప్' ఒక్కటే. తెర మీద తాళం గీతలు గీసి ఆయన దెబ్బలను వాటి పక్కన పెట్టి చూశాను. ఎడమచేతి దెబ్బలు గీతల మీదే పడ్డాయి. కుడిచేతి దెబ్బలు ఒకటి కొంచెం వెనక, ఒకటి బాగా వెనక, ఒకటి సరిగ్గా, మళ్ళీ ఒకటి వెనక.

ఆయన ఎదురుగా కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నాడు. గ్లాసు ఎడమచేతిలో ఉంది. కుడిచేయి ఆలస్యమైతే పదహారు మంది కోలలు తడబడతాయి. లోపలి వరసలో మా మంగ ఉంది. చెన్నయ్య తెల్లబడిన కన్ను నా కళ్ళముందు కదిలింది. శివరాత్రి ఇంకా పది రోజులే ఉంది.

"దొరికినాడా వాడు?" అని అడిగాడు.

"దొరికినాడు పెదనాయనా. మిషన్‌దే. నేను సరిచేస్తాలే" అన్నాను. భయంతో అన్నాను. ముప్పై ఏళ్ళ గురువు ముఖం మీద నీ చెయ్యి పోతోంది అని చెప్పే ధైర్యం నాకు లేక అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి నా కనుబొమల వైపు చాలాసేపు చూసి, సరే అన్నాడు.

ఆ తర్వాత నేను చేసిన పని రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తాను. మంచి బుధవారాల్లో ఆయన వాయించిన పాటలు నా దగ్గర రికార్డు అయి ఉన్నాయి. అందులో ఒక్కొక్క కుడిచేతి దెబ్బను గీత మీదికి జరిపాను. అప్పుడు పాట మొత్తం సూది మొన మీద నిలబడినట్టు తయారైంది. ఇక ప్యాడు గళ్ళన్నిటినీ మూసేశాను. ఆయన తడుతూ ఉంటాడు, అది పలకదు. వినపడేది మిషన్ వాయించే పాట. అందులో ఉన్నవి ఆయన దెబ్బలే కదా, మోసమేముంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆయన మనసూ నొచ్చుకోదు, మంగ ముఖమూ భద్రం అనుకున్నాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను కూడా.

శివరాత్రికి నాలుగు రోజుల ముందు, పొద్దు వాలేవేళ, ఆ ఊరి బడి ముందు మైదానంలో చివరి సాధన పెట్టారు. పదహారు మంది, ఎనిమిది ఉద్దులు. మంగకు ఎదురు ఉద్ది ఆదెమ్మ, అంగన్వాడీలో పనిచేసే మనిషి. పెదనాయన ప్యాడు ముందు కూర్చున్నాడు. ఆయన మొదటి దెబ్బకు సరిగ్గా నేను పాట మొదలుపెట్టాను. గజ్జెలు కదిలాయి. మొదటి పాట అద్భుతంగా పోయింది. ఆయన ముఖంలో చిన్న నవ్వు వచ్చి, మెల్లగా ఆగిపోయింది. రెండో పాట మధ్యలో ఆయన రెండు చేతులూ ప్యాడు మీద నుంచి పైకెత్తి గాలిలో పట్టుకున్నాడు.

డోలక్ మోగుతూనే ఉంది.

ఆయన చేతులు గాలిలో, ఆయన దెబ్బలు స్పీకరులో. పదహారు మంది ఆడుతూనే ఉన్నారు, ఎవరూ ఏమీ గమనించలేదు. ఆయన నా వైపు తిరిగి చూశాడు. కోపం కాదది. మొదటిరోజు వెనక్కి తిరిగి చూసినప్పటి ముఖమే. తర్వాత చేతులు మళ్ళీ ప్యాడు మీద పెట్టి తడుతున్నట్టే కదిలించసాగాడు. గురువు చేతులు ఆగినట్టు కనపడితే ఆడేవాళ్ళు బెదురుతారని. చేతులు అట్లా కదిలిస్తూ, చూపు మాత్రం వాళ్ళ ముఖాల మీదే పెట్టాడు.

అంతలో ఆదెమ్మ కాలి గజ్జె తాడు ఊడింది. అది నేను చూడలేదు, ఆయన చూశాడు. తాడు రెండో పాదం కింద పడి ఆమె ముందుకు తూలింది. ఆయన ఎడమచేత్తో ఆపుదెబ్బ వేశాడు. ఒకటి, రెండు, మూడు. రబ్బరు మీద 'తప్ తప్ తప్' మంది. స్పీకరులో పాట సాగిపోతూనే ఉంది. మళ్ళీ వేశాడు. నేనే కదా మూసింది. అప్పుడు, ముప్పై ఏళ్ళలో మొదటిసారి, ఆయన లేచి నిలబడి అరిచాడు.

"ఆగండే!"

మంగ తల తిప్పింది.

నేను పాట ఆపేసరికి మూడు సెకన్లు పట్టి ఉంటుంది. వేలు కీబోర్డు మీద జారిపోయింది. నెలల తరబడి వెయ్యో వంతుల కోసం వెంటపడ్డ మనిషిని, మూడు సెకన్లు పోగొట్టాను. మంగ రెండు చేతులతో ముఖం మూసుకుని కింద కూర్చుంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం. ఆదెమ్మ కోల పారేసి, అయ్యో నా తల్లీ, నా తల్లీ అని ఏడుస్తోంది. కంటికా తగిలింది, కన్ను పోయిందా అని ఎవరో అడుగుతున్నారు. నేను కదల్లేకపోయాను. కదిలితే ఆ చేతులు తీసి చూడాల్సి వస్తుంది. పెదనాయనే వెళ్ళి మంగ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచేత్తో మెల్లగా దాని చేతులు విడదీసి చూశాడు. చూసి తలకాయ వంచేశాడు. ఆ రెండు క్షణాలు నేను ఎట్లా బతికి ఉన్నానో నాకు తెలియదు. తర్వాత ఆయనే, "కన్ను బాగుంది. బొమ మీద తగిలింది. ఆటో పిలవండి" అన్నాడు.

మార్కాపురం ఆసుపత్రిలో ఎడమ కనుబొమ మీద మూడు కుట్లు వేశారు. ఇంకొక్క వేలెడు కిందికి దిగి ఉంటే కన్నే అని డాక్టరమ్మ చెప్పింది. బయట బల్ల మీద నేనూ ఆయనా కూర్చున్నాం. ఆయన పంచె మీద మంగ రక్తం ఎండిపోయి ఉంది.

"చెయ్యిదా, మిషన్‌దా?" అని అడిగాడు.

"చెయ్యిది పెదనాయనా. కుడిచెయ్యి" అని చెప్పి భోరున ఏడ్చాను.

ఆయన ఊరుకోమనలేదు. నా ఏడుపు అయిపోయేదాకా ఆగి అన్నాడు. "నాకు తెలుసమ్మా. పోయిన వానల్లోనే చొక్కా గుండీ పెట్టుకోలేకపోయినా. భుజం నొప్పి లేదు, ఏమీ లేదు. డోలక్ మీద తప్పు పడతాంటే డోలక్‌దేమో అనుకున్నా, నీ కాడికొచ్చినా. ఇక్కడ తప్పు పడతాంటే మిషన్‌దేమో అనుకున్నా. నువ్వు మిషన్‌ను బాగుచేసినప్పుడల్లా ఇంక ఎవురి మీద పెట్టాల్నా అని భయమేసేది. నువ్వు అబద్ధం చెప్పినావు, నేనూ చెప్పినా. దానికి నీ మీద కోపం లేదు."

"మరి?"

"నా చెయ్యి మూసినావే, దానికమ్మా. పాట తప్పినా ఫరవాలేదు, జనం నవ్వతారు, పోతారు. నీ పాట ఒక్క దెబ్బ తప్పలేదు. ఎవురు కింద పడినా, ఎవురి కన్ను పోయినా తప్పదది. దానికి ముఖాలు కనపడవు గదా. కనపడేవాడి చెయ్యి మూసేసి, కనపడనిదాని చేతిలో పెట్టినావే నీ చెల్లెల్ని."

నేను ముఖం తుడుచుకున్నాను. తర్వాత ఆయనే, "శివరాత్రికి ఇంకా నాలుగు దినాలుంది. ఏడ్చింది చాల్లే గానీ, ఒక పని చెయ్యగలవా?" అన్నాడు. పాట మిషన్‌నే వాయించనివ్వు, నా కుడిచేతితో ఇంక పని లేదు, ఎడమచేతికి ఒక్క గడి ఇయ్యి, అది తడితే అంతా ఆగిపోవాల అన్నాడు. నేను నాలుగు రోజులూ ఆ ఒక్క గడి మీదే కూర్చున్నాను. చెక్‌పోస్టులో గేటు ఇక ఆ దెబ్బ ఒక్కదానికే. పాటకు కూడా దాని వెనకే చోటు. గడి తగలగానే పాట తెగి, ఆయన డోలక్ మీద రికార్డు చేసిన ఆపుదెబ్బ మోగి, ఆ తర్వాత నిశ్శబ్దం. ఎన్ని వందలసార్లు తట్టి చూశానో లెక్కలేదు. ఒక్కసారి కూడా తప్పకూడదు. తప్పితే నేను తప్పినట్టే.

శివరాత్రి సాయంత్రం త్రిపురాంతకం కొండ కింద మంగ కట్టుతోనే ఆడింది. వద్దే అని బతిమాలాను. "నేను ఆడకపోతే ఆదెమ్మక్క జన్మలో కోల పట్టదు, నువ్వు జన్మలో నిద్రపోవు. పో అక్కా, పోయి నీ డబ్బా చూసుకో" అని కసిరింది. పెదనాయన తెల్ల చొక్కా వేసుకుని గడి ముందు కూర్చున్నాడు. గుండీలు ఇంట్లో ఆయన భార్య, పెద్దమ్మ పెట్టిందని తర్వాత తెలిసింది. కుడిచేయి ఒళ్ళో, ఎడమచేయి గడికి బెత్తెడు పైన. పాట మొదలయ్యాక ఆయన ఒక్కసారి కూడా రెప్ప వేయలేదనిపించింది. నేను ఆయన చేతినే చూస్తున్నాను. మూడో పాటలో కొండ మీది నుంచి దిగిన జనం ఒక్కసారిగా వలయం మీదికి తోసుకొచ్చారు. బయటి వరసలో ఒకామె తూలింది. ఆయన చేయి దిగింది.

ఆగింది. మూడు మూసిన దెబ్బలు, ఆ తర్వాత ఏమీ లేదు. పదహారు జతల కోలలు గాలిలో నిలబడిపోయాయి. ఒక్క తల తిరగలేదు. ఆదెమ్మ కోల మంగ కట్టుకు జానెడు దూరంలో ఉంది, అది వణుకుతోంది గాని కదలడం లేదు. తూలిన ఆమెను పక్కామె పట్టుకుని నిలబెట్టింది. జనం వెనక్కి జరిగారు. పెదనాయన అందరి ముఖాలూ ఒక చుట్టు చూసుకుని నా వైపు తల ఊపాడు. నేను పాట మళ్ళీ మొదలుపెట్టాను. తర్వాత మిషన్‌లో చూస్తే, చేయి తగిలినప్పటి నుంచి పాట తెగడానికి వెయ్యో వంతులు ఆరు పట్టింది. ఆయనకు చెబితే, "ఇంకా తగ్గుతాదా?" అని అడిగాడు.

ఇంకో రెండు శివరాత్రులు ఆయన అట్లాగే కూర్చున్నాడు. కుడిచేయి పూర్తిగా పోయింది, తర్వాత మాట తడబడింది. ఎడమచేయి మాత్రం చివరిదాకా ఉంది. పోయిన ఎండాకాలం ఆయన పోయాడు. పదిహేను రోజులకు చెన్నయ్య మా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. దోర్నాల కూడలిలో టీ బంకు నడుపుతాడు. అదే బియ్యం సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అన్న నీకిమ్మన్నాడు పాపా. ఎడమపక్క గడి బాగా పనిచేస్తాది, దాన్ని మూయొద్దని చెప్పమన్నాడు" అన్నాడు. ఆ గడి రబ్బరు అరిగిపోయి నున్నగా, వేళ్ళ గుర్తులతో ఉంది.

మంగ ఎడమ కనుబొమలో వెంట్రుకలు మొలవని గీత ఒకటి ఉండిపోయింది. పండక్కి వచ్చినప్పుడు దానికి కాటుక పెన్సిలు పెట్టుకుంటూ, "ఇది ఆదెమ్మక్కది కాదు, మామది కాదు, నీదే అక్కా" అని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. నవ్వుతూ ఆ గీత చూడకుండా ఉండలేను. మాట్లాడేటప్పుడు నేను కూడా మనుషుల కనుబొమలు చూస్తానట. మా స్టూడెంట్లు చెప్పుకుంటారని విన్నాను.

ఈ పొద్దున టిక్కు వచ్చాక ప్రోగ్రామంతా విప్పి చూశాను. కొత్త కెర్నల్ పెట్టినప్పుడు ఆ గడికున్న ముందు చోటు పోయింది. మళ్ళీ ఇచ్చాను. తర్వాత రోజూ చేసే పనే చేశాను. ఆయన డోలక్ పాట పెట్టి, రెండు చేతులూ గాలిలోకి ఎత్తి పట్టుకున్నాను. నా చేతులు గాలిలో ఉండగా ఆయన చేతులు గదంతా మోగుతాయి. ఆ భయం రోజూ అంతే కొత్తగా ఉంటుంది, వీపు మీదికి పాకుతుంది, నేను వెనక్కి తిరగను. మంగ ముఖం తలుచుకుని ఎడమచేత్తో గడి మీద ఒక్క దెబ్బ వేశాను. ఆగింది. అప్పుడు పోయి టీ పెట్టుకున్నాను.